ఇద్దరు రాజుల మనిషి: సేర్ డి క్విన్సీ

1217 మే 20న ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో వీధి వీధినా జరిగిన యుద్ధంలో వించెస్టర్ ఎర్ల్ (పెద్ద ప్రభువు హోదా) సేర్ డి క్విన్సీ బందీగా చిక్కాడు. ఆయన్ని ఓడించిన సైన్యం బట్టల మీద తెల్ల శిలువలు కుట్టుకుని వచ్చింది. బాల రాజు మూడో హెన్రీ కోసం పోరాడటం క్రూసేడ్‌తో, అంటే చర్చి పిలుపు మీద చేసే పవిత్ర యుద్ధంతో, సమానమని, అందులో ప్రాణం పోతే పాపాలు పోతాయని పోప్ ప్రతినిధి గ్వాలా వాళ్లకు మాట ఇచ్చాడు. అంటే ఆ రోజు సేర్ ఒక క్రూసేడ్‌కు శత్రువు. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 1219 నవంబరు 3న, ఈజిప్టు యుద్ధరంగంలో ఆయనే శిలువ ధరించిన క్రూసేడర్‌గా చనిపోయాడు.

ఈ రెండు తేదీల మధ్య ఆయన మారిపోయాడని అనుకోవడం తేలిక. అంతకుముందు చరిత్ర చూసినా ఇలాంటి మలుపులే కనిపిస్తాయి: హెన్రీ తండ్రి, ఇంగ్లండ్ రాజు జాన్‌కు నమ్మకస్తుడు, తర్వాత తిరుగుబాటుదారు, ఆ తర్వాత ఫ్రెంచ్ యువరాజును పిలిచి ఇంగ్లండ్ కిరీటం ఇవ్వజూపిన దూత, చివరికి క్రూసేడర్. ఈ కాలపు దేశభక్తి కొలతతో చూస్తే మాట మీద నిలబడని మనిషిలా ఉంటాడు. కానీ ఆయన కాలంలో విధేయత దేశానికి కాదు, మనుషులకు. అదీ భూమి ద్వారా, చుట్టరికం ద్వారా. ఆ రెండు దారాలు పట్టుకుని చూస్తే సేర్ జీవితంలో ఒక్క మలుపు కూడా వింతగా అనిపించదు.

క్విన్సీల ఇంటిపేరు ఉత్తర ఫ్రాన్స్‌లో బెతూన్ దగ్గర ఉన్న ఒక చిన్న ఊరి పేరు నుంచి వచ్చింది. ఇంగ్లండ్‌లో మొదట వాళ్లది నార్తాంప్టన్‌షైర్‌లోని లాంగ్ బక్‌బీ అనే ఒక మోస్తరు ఎస్టేటు. ఆ స్థాయి కుటుంబాలు అప్పట్లో వందల కొద్దీ ఉండేవి. వాళ్లను పైకి తెచ్చింది ఒక పెళ్లి. సేర్ తాతగారు, ఆయన పేరు కూడా సేరే, మాడ్ డి సెన్లిస్ అనే వితంతువును చేసుకున్నాడు. ఈ మాడ్ తల్లి రెండో పెళ్లి స్కాట్లాండ్ రాజు మొదటి డేవిడ్‌తో జరిగింది. దాంతో క్విన్సీల పిల్లలు స్కాట్లాండ్ రాజులు నాలుగో మాల్కం, విలియంలకు దూరపు వరసలో దాయాదులయ్యారు. మాడ్‌కు మొదటి భర్త వల్ల కలిగిన సంతానం ఫిట్జ్‌వాల్టర్ కుటుంబం. సేర్‌కు జీవితాంతం తోడుగా నిలిచిన రాబర్ట్ ఫిట్జ్‌వాల్టర్ ఆ శాఖ వాడు. ఇద్దరికీ నాయనమ్మ ఒకరే.

సేర్ తండ్రి రాబర్ట్ డి క్విన్సీ ఆ చుట్టరికాన్ని పట్టుకుని ఉత్తరానికి వెళ్లాడు. స్కాట్లాండ్ రాజులు అప్పుడు ఇంగ్లండ్ నుంచి, ఫ్రాన్స్ నుంచి ఇలాంటి నైట్లను కావాలనే రప్పించుకుంటున్నారు. కోటలు కట్టడం, గుర్రపు సైన్యం నడపడం, కోర్టులు నిర్వహించడం తెలిసిన మనుషులు వాళ్లకు కావాలి. రాబర్ట్‌కు అక్కడ జస్టీషియర్ అనే పెద్ద న్యాయాధికారి పదవి దక్కింది. అంతకంటే విలువైనది ఆయనకు దొరికిన సంబంధం. ఫైఫ్ ప్రాంతంలో లూకర్స్ ప్రభువు నెస్ కూతురు ఒరాబిలిస్‌ను పెళ్లాడాడు. ఆమె ద్వారా ఫైఫ్‌లోనూ ఇతర చోట్లా భూములు వచ్చాయి. లూకర్స్‌లో ఆ కాలంలో కట్టిన రాతి చర్చిలో కొంత భాగం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాని గోడల మీది కమానుల వరసలు స్కాట్లాండ్‌లోని రోమనెస్క్ (గుండ్రటి కమానుల మధ్యయుగపు) శిల్పానికి మంచి ఉదాహరణల్లో ఒకటి. ఆ చర్చి సేర్ అమ్మమ్మగారి ఊరి చర్చి. ఆయన్ని స్కాట్లాండ్‌లో ఆస్తి ఉన్న ఇంగ్లిష్ ప్రభువు అంటే సగమే చెప్పినట్టు. తల్లి వైపు నుంచి ఆయన స్కాట్లాండ్ బిడ్డే.

ఎడిన్‌బరోకు తూర్పున ట్రానెంట్, ప్రెస్టన్ ప్రాంతాల్లో కూడా క్విన్సీలకు పెద్ద భూములు ఉండేవి. అక్కడి నుంచే సేర్ పేరు మీద ఒక అరుదైన పత్రం మిగిలింది. 1210 తర్వాత ఎప్పుడో ఆయన న్యూబాటిల్ మఠంలోని సిస్టర్సియన్ శాఖ క్రైస్తవ సన్యాసులకు ఒక బొగ్గు గనిని, ఒక రాతి గనిని రాసిచ్చాడు. స్కాట్లాండ్‌లో బొగ్గు తవ్వకానికి దొరికే మొట్టమొదటి రాతపూర్వక సాక్ష్యాల్లో ఇదొకటి. ఆ సన్యాసులే సముద్ర తీరంలో ఉప్పు కాచేవారు, అందుకే ఆ ఊరికి ప్రెస్టన్‌పాన్స్ అనే పేరు స్థిరపడింది. ప్రెస్టన్‌గ్రేంజ్ గని 1962 వరకు పనిచేసింది, ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. యుద్ధాలు, రాజద్రోహాలు, మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి పత్రం) అన్నీ ఒక ఎత్తు, ఆయన సంతకం లేని, ముద్ర మాత్రమే ఉన్న ఈ దానపత్రం ఒక ఎత్తు. ఆ ప్రభువు కింద ఉన్న నేలలో నిజంగా ఏం జరుగుతోందో చెప్పేవి ఇలాంటి కాగితాలే.

తండ్రి రాబర్ట్ కూడా క్రూసేడరే. మూడో క్రూసేడ్‌లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ వెంట పాలస్తీనా వెళ్లి తిరిగొచ్చాడు. ఆ క్రూసేడ్ ఖర్చుల కోసం రిచర్డ్ 1189 డిసెంబరులో స్కాట్లాండ్ మీద తనకున్న పెత్తనాన్ని 10,000 మార్కులకు (అప్పటి డబ్బు లెక్క) వదులుకున్నాడు. అంతకు 15 ఏళ్ల ముందు యుద్ధంలో బందీగా దొరికిన విలియం రాజు ఇంగ్లండ్‌కు లొంగి ఉంటానని ఒప్పుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు డబ్బు కట్టి ఆ బంధం తెంపుకున్నాడు. ఇద్దరు రాజుల మధ్య ఈ బేరం కుదిరాక క్విన్సీల వంటి కుటుంబాలకు కొన్ని దశాబ్దాల పాటు ఊపిరి తీసుకునే వీలు దొరికింది. రెండు వైపులా భూములు ఉంచుకుని, ఇద్దరికీ నమస్కారం పెట్టి బతకొచ్చు.

1197 ప్రాంతంలో తండ్రి పోయాక ఆస్తి సేర్ చేతికొచ్చింది. అప్పటికే ఆయన లెస్టర్ ఎర్ల్ చెల్లెలు మార్గరెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1204లో ఆ ఎర్ల్, అంటే సేర్ బావమరిది, పిల్లలు లేకుండా చనిపోవడంతో ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద ఎస్టేట్లలో ఒకటి ఇద్దరు ఆడపడుచుల మధ్య సగం సగం అయ్యింది. అక్క అమీషియా వాటా, లెస్టర్ బిరుదు ఆమె కొడుకు సైమన్ డి మోంట్‌ఫర్ట్ వైపు వెళ్లాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో మతభేదుల మీద జరిగిన అల్బిజెన్సియన్ క్రూసేడ్ నడిపించిన సైమన్ ఇతనే. చెల్లెలు మార్గరెట్ వాటా సేర్‌కు వచ్చింది. ఆ ఆస్తికి తగ్గ హోదాగా 1207లో జాన్ రాజు సేర్‌కు వించెస్టర్ ఎర్ల్ బిరుదు ఇచ్చాడు. లాంగ్ బక్‌బీ నుంచి ఎర్ల్ హోదా దాకా మూడు తరాల్లో మూడు పెళ్లిళ్లు ఎక్కించిన మెట్లు ఇవి.

ఈ మధ్యలో 1203లో ఒక మచ్చ పడింది. ఫ్రాన్స్‌లో అప్పటికి ఇంగ్లండ్ రాజు కింద ఉన్న నార్మండీలోని వోద్రెయ్ కోటకు సేర్, ఫిట్జ్‌వాల్టర్ ఇద్దరూ కాపలా అధికారులుగా ఉన్నారు. ఫ్రాన్స్ రాజు ఫిలిప్ సైన్యంతో రాగానే ఒక్క బాణం కూడా వేయకుండా కోట అప్పగించేశారు. రెండు దేశాల్లోనూ నవ్వులపాలయ్యారు. ఫిలిప్ కూడా వాళ్లను గౌరవించలేదు, కంపియేన్‌లో ఖైదులో పెట్టి డబ్బు కట్టాకే వదిలాడు. చిత్రంగా జాన్ రాజే, వాళ్లు తన ఆజ్ఞ ప్రకారమే కోట ఇచ్చారని ఉత్తరం రాసిచ్చాడు. అది నిజమా, ఇద్దరు బారన్లను (రాజు కింద భూములున్న ప్రభువులను) కాపాడటానికి రాసిన మాటా అన్నది తేలే విషయం కాదు. నార్మండీ ఆ తర్వాత ఏడాదికే చేజారింది. రాజు సాయానికి రాని చోట కోటకు కాపలా కాయడం ఎందుకని వాళ్లు అనుకుని ఉంటే, దానికి కారణం జాన్ తీరులోనే కనిపిస్తుంది.

ఆ తర్వాత పదేళ్లు సేర్ పూర్తిగా రాజు మనిషి. దౌత్యాలకు వెళ్లాడు, రాజ్యపు లెక్కల కోర్టు అయిన ఎక్స్‌చెకర్‌లో కూర్చున్నాడు. 1212లో ఫిట్జ్‌వాల్టర్ రాజు మీద కుట్ర బయటపడి ఫ్రాన్స్‌కు పారిపోతే, సేర్ ఆ దారిలో వెళ్లలేదు. 1213 మేలో జాన్ రాజు ఇంగ్లండ్‌ను పోప్‌కు సమర్పించి, పోప్ సామంతుడిగా తిరిగి తీసుకున్నప్పుడు, ఆ పత్రానికి సాక్షుల్లో వించెస్టర్ ఎర్ల్ ఒకడు. సేర్ కథలో ఈ సాక్ష్యం బరువు తర్వాత తెలుస్తుంది. ఆ రోజు నుంచి జాన్ మీద తిరగబడటమంటే చట్టరీత్యా పోప్ మీద తిరగబడటమే. రెండేళ్లకు ఆ వలలో చిక్కినవాళ్లలో సేర్ కూడా ఉన్నాడు.

ఎందుకు తిరగబడ్డాడు? జాన్ మీద బారన్లకు ఉన్న సాధారణ ఫిర్యాదులు ఆయనకూ ఉన్నాయి: విపరీతమైన వారసత్వ రుసుములు, కోర్టుల్లో న్యాయం అమ్మకం, 1214లో ఫ్రాన్స్ మీద దండయాత్ర ఘోరంగా విఫలం కావడం. కానీ ఆయనకు సొంతంగా ఒక పుండు ఉంది. లెస్టర్ ఆస్తి పంపకంలో మౌంట్‌సోరెల్ కోట తన భార్య వాటాలోకి రావాలని ఆయన వాదన. కొండ మీద ఉన్న ఆ బలమైన కోటను జాన్ తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. మధ్యయుగపు ప్రభువుకు ఇది చిన్న విషయం కాదు. భార్య పుట్టింటి వాటా రాబట్టలేని ఎర్ల్ ఇంట్లోనూ, బయటా ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు?

1215 వసంతంలో ఆయన బారన్ల పక్షం చేరాడు. జూన్‌లో మాగ్నా కార్టా వచ్చింది. రాజు మాట తప్పకుండా చూసే బాధ్యత 25 మంది బారన్లకు అప్పగించారు. అందులో సేర్, ఫిట్జ్‌వాల్టర్ ఇద్దరూ ఉన్నారు. మాగ్నా కార్టా అంటే ఇంగ్లండ్ సొంత వ్యవహారమనే ముద్ర ఉంది గానీ, 59వ క్లాజు పూర్తిగా స్కాట్లాండ్ గురించి. స్కాట్లాండ్ రాజు రెండో అలెగ్జాండర్ అక్కచెల్లెళ్లను, బందీలుగా ఉంచిన వాళ్లను తిరిగి పంపడం, ఆయన హక్కుల సంగతి తేల్చడం అందులో ఉన్నాయి. ఆ అలెగ్జాండర్ కింద సేర్ ఫైఫ్‌లో, లోథియన్‌లో (ట్రానెంట్ ఉన్న ప్రాంతం) భూములు అనుభవిస్తున్నాడు. తిరుగుబాటు బారన్లకు, స్కాట్లాండ్ రాజుకు మధ్య ఇంత సులువుగా చెలిమి కుదరడంలో ఇలాంటి రెండు వైపుల మనుషుల పాత్ర తక్కువేమీ కాదు.

ఆగస్టులో పోప్ మూడో ఇన్నోసెంట్ మాగ్నా కార్టాను రద్దు చేశాడు. ఆయన కోపానికి పక్కా కారణం ఉంది. అంతకుముందు మార్చిలోనే జాన్ క్రూసేడ్‌కు వెళ్తానని శిలువ ప్రమాణం చేశాడు. పవిత్ర భూమికి బయల్దేరాల్సిన రాజును ఇంటి దగ్గర అడ్డుకుంటున్న ఈ బారన్లు సారసెన్ల (ముస్లింల) కంటే అధ్వాన్నమని పోప్ లేఖలో రాయించాడు. సేర్‌తో సహా నాయకులను చర్చి వెలివేసింది. బారన్లు మాత్రం తమ దండుకు దేవుని సైన్యం అని పేరు పెట్టుకున్నారు, ఫిట్జ్‌వాల్టర్ దానికి మార్షల్, అంటే సేనాని. రెండు పక్షాలూ దేవుడు తమ వైపే ఉన్నాడని మనస్ఫూర్తిగా నమ్మాయి.

శరదృతువులో సేర్ ఫ్రాన్స్ వెళ్లి, ఫిలిప్ రాజు కొడుకు లూయీకి ఇంగ్లండ్ కిరీటం ఇవ్వజూపాడు. 1216 మేలో లూయీ సైన్యంతో దిగాడు. ఆ ఏడాదే అలెగ్జాండర్ రాజు ఇంగ్లండ్ పొడవునా ప్రయాణం చేసి డోవర్ దాకా వచ్చి లూయీకి విధేయత ప్రకటించాడు. దీన్ని సేర్ వైపు నుంచి చూడాలి. ఉత్తరాన తన ప్రభువు అలెగ్జాండర్, దక్షిణాన తాను ఎంచుకున్న ప్రభువు లూయీ ఇప్పుడు ఒకే జట్టు. రెండు విధేయతలు ఢీకొనని అరుదైన సమయం ఆయనకు అదే. ద్రోహం అనే మాట ఆ ఏడాది ఆయన చెవికి ఎక్కి ఉండదు.

అక్టోబరులో జాన్ చనిపోయాడు. తొమ్మిదేళ్ల హెన్రీకి కిరీటం పెట్టి, ముసలి విలియం మార్షల్ రాజప్రతినిధి అయ్యాడు. ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి మాగ్నా కార్టాను రాజు పేరుతోనే మళ్లీ ప్రకటించడం. దాంతో తిరుగుబాటుకు సగం కారణం పోయింది. చాలామంది మెత్తబడ్డారు. సేర్ మెత్తబడలేదు, ఎందుకంటే మౌంట్‌సోరెల్ ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది.

1217 వసంతంలో చెస్టర్ ఎర్ల్ రాన్యుల్ఫ్ ఆ కోటను ముట్టడించాడు. ఈ రాన్యుల్ఫ్ పరాయివాడేమీ కాదు, సేర్ కోడలు హవీస్‌కు స్వయానా అన్న. సేర్ పెద్ద కొడుకు రాబర్ట్ అదే ఏడాది చనిపోయాడు. తన కోట పోతోందని సేర్ లూయీ మీద ఒత్తిడి తెచ్చాడు. అప్పుడు లూయీ డోవర్ కోట దగ్గర తలమునకలై ఉన్నాడు. అయినా ఫ్రెంచ్ ప్రభువు పెర్ష్ కౌంట్ నాయకత్వంలో, సేర్, ఫిట్జ్‌వాల్టర్‌లతో పాటు పెద్ద సైన్యాన్ని ఉత్తరానికి పంపాడు. వాళ్లొస్తున్నారని తెలిసి రాన్యుల్ఫ్ వెనక్కి తగ్గాడు. అక్కడితో ఆగకుండా ఆ సైన్యం లింకన్‌కు వెళ్లింది. అక్కడి కోటను నికోలా డి లా హే అనే వృద్ధురాలు రాజు కోసం కాపాడుతోంది. లూయీ బలం రెండు ముక్కలైందని మార్షల్ వెంటనే గ్రహించాడు. డెబ్బై ఏళ్ల వయసులో స్వయంగా దండు నడిపి వచ్చి పడ్డాడు. ఇరుకు వీధుల్లో పెర్ష్ కౌంట్ చచ్చిపోయాడు, సేర్, ఫిట్జ్‌వాల్టర్‌లతో పాటు బారన్లు గుంపుగా పట్టుబడ్డారు. లూయీ ఆశ అక్కడే ఆవిరైంది. ఒక కోట మీద ఒక మనిషికున్న వారసత్వ పట్టుదల ఇంగ్లండ్‌లో ఫ్రెంచ్ రాజవంశం రాకుండా ఆపిందని చెప్పడం మరీ అతి అనిపించవచ్చు. కానీ లింకన్‌కు సైన్యాన్ని నడిపించిన దారి మాత్రం మౌంట్‌సోరెల్ మీదుగానే పోయింది. ఆ కోటను రాన్యుల్ఫ్ తర్వాత నేలమట్టం చేశాడు.

సెప్టెంబరులో సంధి కుదిరింది. బందీలు విడుదలయ్యారు, భూములు తిరిగొచ్చాయి, వెలి ఎత్తేశారు. మార్షల్ ప్రభుత్వం కక్ష సాధించలేదు. అయినా ఒక రాజ్యంలో సగం మంది ప్రభువులు మిగతా సగం మీద కత్తి దూసిన రెండేళ్ల తర్వాత ఒకే సభలో కూర్చోవడం అంత సులువు కాదు. ఇక్కడే ఐదో క్రూసేడ్ రంగంలోకి వస్తుంది.

ఈజిప్టును గెలిస్తే జెరూసలేం దానంతటదే వస్తుందనే ఆలోచనతో 1218 మే నుంచి క్రూసేడర్లు నైలు నది ముఖద్వారం దగ్గరి డామియెట్టా రేవును ముట్టడించారు. ఇంగ్లండ్ నుంచి అక్కడికి వెళ్లినవాళ్ల పేర్లు చూస్తే అంతర్యుద్ధపు రెండు పక్షాలూ కనిపిస్తాయి. రాన్యుల్ఫ్ 1218లోనే వెళ్లాడు. మాగ్నా కార్టా 25 మందిలో ఒకడైన జాన్ డి లేసీ వెళ్లాడు. సేర్, ఫిట్జ్‌వాల్టర్, అరండెల్ ఎర్ల్ 1219లో బయల్దేరారు. ఇంటి దగ్గర ఒకరి కోట ఒకరు కూల్చినవాళ్లు పరాయి నేల మీద ఒకే శిబిరంలో చేరారు. చర్చి వెలివేసిన మనిషికి దాన్ని పూర్తిగా కడుక్కునే మార్గం శిలువ యాత్ర. పోప్ తన మీద వేసిన నింద, క్రూసేడ్‌కు అడ్డుపడ్డాడని. దానికి జవాబు తానే క్రూసేడ్‌కు వెళ్లడం కంటే గట్టిగా ఇంకేముంటుంది? తండ్రి నడిచిన దారి కూడా అదే.

సేర్ చేరేటప్పటికి శిబిరం పరిస్థితి ఘోరంగా ఉంది. రోగాలు ప్రబలాయి. ఆగస్టు చివర చేసిన దాడి విఫలమై చాలామంది పోయారు. ముట్టడి ఎత్తేస్తే జెరూసలేం ఇచ్చేస్తానని ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్ కబురు పంపాడు. పోప్ ప్రతినిధి పెలాగియస్ కాదన్నాడు. సెప్టెంబరులో క్రైస్తవ సాధువు అసిసీ ఫ్రాన్సిస్ శత్రు శిబిరంలోకి వెళ్లి సుల్తాన్‌తో మాట్లాడి వచ్చాడు. ఇంత జరుగుతున్న చోట సేర్ పెద్దగా పోరాడే అవకాశమే రాలేదు, జబ్బు చేసి నవంబరు 3న చనిపోయాడు. రెండు రోజులకు, నవంబరు 5న, డామియెట్టా పడిపోయింది. గెలిచినవాళ్లు లోపలికి వెళ్లి చూస్తే ఊరంతా ఆకలి, రోగం, శవాలు. రెండేళ్లు తిరక్కుండానే ఆ ఊరు మళ్లీ సుల్తాన్ చేతికి వెళ్లింది. జబ్బుపడ్డ ఫిట్జ్‌వాల్టర్ మాత్రం ఇంటికి చేరాడు. ఫిట్జ్‌వాల్టర్ వెండి ముద్ర ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో అతని గుర్రం ముందు విడిగా ఒక డాలు చెక్కి ఉంటుంది, దాని మీద ఉన్నవి క్విన్సీల వజ్రాకారపు గళ్లు. ఒక ప్రభువు తన సొంత ముద్రలో ఇంకొకరి చిహ్నానికి చోటివ్వడం సామాన్యమైన స్నేహానికి గుర్తు కాదు.

సేర్ దేహాన్ని పాలస్తీనా తీరంలోని ఆక్ర్ నగరంలో పాతిపెట్టారు. ఆయన కోరిక ప్రకారం గుండెను, లోపలి అవయవాలను కాల్చి ఆ బూడిదను ఇంగ్లండ్ తెచ్చి లెస్టర్‌షైర్‌లోని గ్యారెండన్ మఠంలో ఉంచారు. ఆ మఠం భార్య మార్గరెట్ తాతగారు 1133లో స్థాపించింది. లూకర్స్‌నూ, లాంగ్ బక్‌బీనీ కాదని భార్య పుట్టింటి మఠాన్ని ఎంచుకోవడంలో ఆయన తన హోదా ఎక్కడిదని భావించాడో తెలుస్తుంది.

రెండో కొడుకు రాజర్ తండ్రి పద్ధతినే ఇంకా పెద్ద స్థాయిలో కొనసాగించాడు. నైరుతి స్కాట్లాండ్‌లోని గాలోవే ప్రభువు అలన్ కూతురు హెలెన్‌ను చేసుకుని, మామగారి వాటాతో పాటు స్కాట్లాండ్ కానిస్టేబుల్ అనే పెద్ద సైనిక పదవి కూడా పొందాడు. 1247లో గాలోవే ప్రజలు ఆయన మీద తిరగబడి కోటలో చుట్టుముడితే, కత్తితో దారి చేసుకుని రాజు దగ్గరికి పారిపోయి బతికాడు. 1264లో మగపిల్లలు లేకుండా చనిపోవడంతో ఆస్తి మళ్లీ ఆడపిల్లల మధ్య చీలింది. ముగ్గురు అల్లుళ్లలో ఫెరర్స్, జూష్‌లు ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్లు, అలెగ్జాండర్ కామిన్ స్కాట్లాండ్‌లో బకన్ ఎర్ల్.

1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లాండ్ మీద దండెత్తడంతో రెండు రాజ్యాల్లో భూములుండటం లాభం నుంచి ప్రమాదంగా మారింది. 1314 నవంబరులో, ఇంగ్లండ్ మీద బానక్‌బర్న్ గెలుపు తర్వాత, స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ కాంబస్‌కెన్నెత్ పార్లమెంటులో తేల్చి చెప్పాడు: తనకు విధేయత ప్రకటించని వాళ్లకు స్కాట్లాండ్‌లో భూమి లేదు. సేర్ సంతానంలో ఇంగ్లండ్ వైపు నిలిచిన శాఖలు ఆ దెబ్బతో ఉత్తరాది ఆస్తి పోగొట్టుకున్నాయి, ట్రానెంట్ భూములు సీటన్ కుటుంబానికి వెళ్లాయి. 1332 ఆగస్టులో ఆస్తి కోల్పోయిన ప్రభువులు కత్తులతో వచ్చి ఫైఫ్ తీరంలో కింగ్‌హార్న్ దగ్గర దిగారు. వాళ్లను నడిపించిన హెన్రీ బోమంట్ కామిన్ వారసురాలి భర్త. క్విన్సీల వాటా తిరిగి అడగడానికి ఆ జట్టులో చేరినవాళ్లలో ఫెరర్స్ ఇంటివాళ్లు కూడా ఉన్నారు.